జీపు కింద సూర్యోదయం

మా ఆవిడ ఫోన్‌లో ఒక ఫోటో ఉంది. ఎవరడిగినా పంపదు కాబట్టి అందులో ఏముందో నేనే చెప్పేస్తాను. వెనకాల అగ్నిపర్వతం. పక్కన అప్పుడే పైకొచ్చిన సూర్యుడు. ముందు ఒక పాత జీపు. జీపు టాపు మీద శాలువా కప్పుకుని, మంకీ క్యాపు పెట్టుకుని మా ఆవిడ సత్యవతి, మొహం నిండా నవ్వు. ఇక ఆ జీపు కింద నుంచి రెండు కాళ్ళు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. అవి నావి.

సూర్యోదయం చూద్దామని సముద్రం దాటి బాలీ దాకా వెళ్ళాను. చూసింది మాత్రం యాక్సిల్. పోనీ అక్కడితో ఆగినా బాగుండేది. ఆ పూట నేను చేసిన అసలు ఘనకార్యం వేరే ఉంది. టీ తాగుతూ వినండి, మధ్యలో నవ్వు వస్తే నవ్వేయండి, నాకేం అభ్యంతరం లేదు.

ముందు నా ఉద్యోగం సంగతి రెండు ముక్కలు చెప్పాలి. లేకపోతే నేను చేసింది పిచ్చివాడి పనిలా కనిపిస్తుంది. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో, వ్యాగన్ రిపేర్ల దగ్గర, ముప్పై ఏళ్ళుగా ఫిట్టర్ని. మా తాత విజయనగరం వైపు నుంచి ఇక్కడికొచ్చి ఇదే షాపులో సుత్తి పట్టాడు. తర్వాత మా నాన్న, తర్వాత నేను. సైరన్ కూసే వేళకి మలంచా రోడ్డు మీద సైకిల్ తొక్కుతూ ఉండటం మా ఇంట్లో మూడు తరాల అలవాటు. ఎక్కడైనా బోల్టు వదులైతే ఆ చప్పుడు మాకు నిద్రలో కూడా వినిపిస్తుంది.

సత్యవతి ఇంట్లో జాకెట్లు కుడుతుంది. మలంచాలో సగం మంది దీదీలూ బౌదీలూ, అంటే బెంగాలీ అక్కలూ వదినలూ, మా వరండాలోనే కొలతలిస్తారు. పాతికేళ్ళుగా మిషను తొక్కీ తొక్కీ ఆవిడ మోకాళ్ళు పట్టేశాయి. లేస్తే ‘అమ్మా’, కూర్చుంటే ‘అమ్మా’. మిషనుకి మోటారు పెట్టిస్తానని నేను పదేళ్ళుగా అంటూనే ఉన్నాను. ఊళ్ళో వ్యాగన్లన్నీ బాగుచేసే మనిషికి ఇంట్లో ఒక చిన్న మోటారు బిగించడానికి ఆదివారం దొరకలేదు. ఆవిడ ఎప్పుడూ తిట్టలేదు. ‘పర్లేదు’ అనేది, అంతే.

మా అమ్మాయి ఝాన్సీకి కలకత్తాలో ఉద్యోగం వచ్చింది. మా పెళ్ళయి పాతికేళ్ళయిందని మా ఇద్దరికీ బాలీ ప్యాకేజీ బుక్ చేసేసి, ఏ రోజు ఎక్కడికో రాసున్న కాగితం తెచ్చి ఇచ్చింది. బీచీ, గుళ్ళు, కోతులు, షాపింగు, అన్నీ చదువుకుంటూ వచ్చి సత్యవతి ఒక చోట ఆగిపోయింది. ‘అగ్నిపర్వతం మీద సూర్యోదయం, జీపులో. తర్వాత వేడినీటి ఊటల్లో స్నానం.’ అక్కడ వేలు పెట్టింది, తియ్యలేదు.

“భూమిలోంచి వేడినీళ్ళొస్తాయంటండి. అందులో కూకుంటే కీళ్ళనొప్పులు లాగేస్తాదంట,” అంది.

మిగతా ప్యాకేజీ అంతా ఆవిడకి ఆ ఒక్క స్నానానికి దారి ఖర్చు లాంటిది. బీచీ ఉన్నా సరే, లేకపోయినా సరే. సూర్యుడు వచ్చినా సరే, మబ్బేసినా సరే. మోకాళ్ళు మాత్రం ఆ నీళ్ళలో మునగాలి.

అంతలో ఝాన్సీ ఇంకో మాట చెప్పింది. అక్కడ చీరతో, నైటీతో నీళ్ళలోకి దిగనివ్వరట. స్విమ్మింగ్ డ్రెస్సే వేసుకోవాలట. ఆ మాట విని మా ఇంట్లో రెండ్రోజులు మిషను చప్పుడు ఆగిపోయింది. మీరు అర్థం చేసుకోవాలి. దీఘా సముద్రంలో కూడా కుచ్చిళ్ళు పట్టుకుని చీలమండల దాకా దిగి, చాలు చాలని వెనక్కొచ్చేసే మనిషి ఆవిడ.

మూడో రోజు గోల్ బజార్‌కి వెళ్ళి సాగే రకం ఎర్ర గుడ్డ తెచ్చుకుంది. తనే కత్తిరించింది, తనే కుట్టింది. మెడ దాకా మూసి, చేతులు మణికట్ల దాకా, కిందికి మోకాళ్ళ దాకా, నడుం దగ్గర చుట్టూ ఫ్రిల్లు. పూర్తయ్యాక హ్యాంగరుకి తగిలించి దూరం నుంచి ఒక్కసారి చూపించింది. “నవ్వితే సంపేస్తాను,” అంది. నేను నవ్వలేదు. నిజం చెప్పాలంటే చాలా బాగా కుట్టింది. నలభై ఎనిమిదేళ్ళ వయసులో, తన మోకాళ్ళ కోసం, సిగ్గంతా మింగి ఆ బట్ట కుట్టుకుందని నాకు తెలుసు.

విమానం, హోటలు, కోతులు, అవన్నీ వదిలేస్తున్నాను. అక్కడ నేను బుద్ధిగానే ఉన్నాను. అసలు రోజుకి వస్తాను. మర్నాడు పొద్దున్నే మా తిరుగు విమానం. అంటే వేడినీళ్ళకి అదే మొదటి రోజు, అదే ఆఖరి రోజు.

తెల్లారుజామున మూడింటికి జీపు వచ్చింది. డ్రైవరు పేరు కేతుత్. ముప్పై ఏళ్ళుంటాయి, ఎప్పుడూ నవ్వుమొహం. అతనికి నలభై ఇంగ్లీషు ముక్కలొచ్చు, నాకు నలభై వచ్చు. ఇద్దరికీ కలిసినవి ఓ ఇరవై ఉంటాయి. జీపు వయసులో నాకంటే పెద్దదే అయ్యుండాలి. ముందు అద్దం దగ్గర చిన్న ఆకుదొన్నెలో పువ్వులు, అగరొత్తి పెట్టుకున్నాడు. అది చూడగానే సత్యవతి దణ్ణం పెట్టేసి, మంచి పిల్లాడండీ అని సర్టిఫికెట్ ఇచ్చేసింది. మా సామానంతా ఒక్క సంచీలోనే. తువ్వాళ్ళు, నా నిక్కరు, ఆవిడ ఎర్ర డ్రెస్సు, దారిలో తినడానికి ఒక చనాచూర్ మిక్చరు పొట్లం.

చీకట్లో కొండెక్కాం. చలి ఎముకల్లోకి పోతోంది. ఒక చోట వాలు మీద బోలెడు జీపులు వరసగా ఆగి ఉన్నాయి. అక్కడ పద్ధతేమిటంటే, జీపు టాపు మీదికెక్కి కూర్చుని సూర్యుడి కోసం ఎదురుచూడాలి. సత్యవతి మోకాళ్ళకి టాపు ఎక్కడమంటే మాటలా. కేతుత్ పైనుంచి లాగాడు, నేను కిందనుంచి తోశాను, మధ్యలో నాలుగు ‘అమ్మా’లు పడ్డాయి. మొత్తానికి ఎక్కింది. పక్కన నాకు చోటుంచి చేత్తో తట్టింది. కాఫీ, గుడ్లు తెస్తానని కేతుత్ ఎటో వెళ్ళాడు.

నేను కూడా అప్పుడే ఎక్కేసి ఉంటే ఈ కథే లేదు. ఎక్కబోతున్నాను. ఆవిడ శాలువా సర్దుకోవడానికి కాస్త కదిలింది. జీపు కింద నుంచి ‘టక్’ మంది.

ఇంకెవరికైనా అది వినిపించదు. నాకు వినిపించింది. ఫోన్ లైటు వేసి వంగి చూశాను. వాలు మీద ఆపిన బండికి ఒక్క చక్రానికి, ఒక్క వైపున, ఒక్క రాయి అడ్డం పెట్టాడు. మా షాపులో అలా పెడితే ఫోర్‌మన్ ఆ రాయి తీసి మన నెత్తినే పెడతాడు. చుట్టుపక్కల రాళ్ళు ఏరాను. అక్కడి రాళ్ళన్నీ చిల్లులు చిల్లులుగా, మా బెంగాలీవాళ్ళు బెల్లంతో కట్టే మరమరాల ఉండల్లా తేలిగ్గా ఉన్నాయి. వాటిల్లోనే గట్టివి చూసి నాలుగు చక్రాలకీ రెండు వైపులా బిగించాను. ఎనిమిది రాళ్ళు. ఇక ఎక్కుదామనుకుంటూ లైటు ఇంకొంచెం లోపలికి తిప్పాను. వెనక కమానుపట్టీని పట్టి ఉంచే నట్టు సగం ఊడి ఉంది.

మీరే చెప్పండి. పైన నా భార్య కూర్చుంది. కింద నట్టు వదులుగా ఉంది. నేను పైకెక్కి సూర్యుడి కోసం ఎలా చూడను?

ఇక్కడ మా షాపు రూలు ఒకటి చెప్పాలి. బండి కిందికి మనిషి దూరే ముందు బండికి ఎర్రజెండా కట్టాలి. జెండా ఉన్నంతసేపూ బండి అంగుళం కదలకూడదు. ఎవడు కట్టాడో వాడే విప్పాలి, ఇంకొకడు ముట్టుకోకూడదు, ఫోర్‌మన్ అయినా సరే. ఆ రూలు మీద మా ప్రాణాలు నిలబడి ఉన్నాయి. ముప్పై ఏళ్ళలో నేను జెండా లేకుండా ఒక్కసారి కూడా దూరలేదు. అందుకని బుర్ర చెప్పకుండానే చెయ్యి సంచీలోకి వెళ్ళింది. ఎర్ర తువ్వాలొకటి నేనే పెట్టాను, బాగా గుర్తుంది. చేతికి గుడ్డ తగిలింది. లైటు వేస్తే ఎర్రగా ఉంది. ముందు బంపరుకి రెండు ముళ్ళేసి గట్టిగా కట్టాను.

అది తువ్వాలు కాదు. ఆ సంగతి నాకు ఇంకో మూడు గంటల దాకా తెలీదు.

అంతలో కేతుత్ కాఫీ కప్పులతో వచ్చాడు. అతనికి రూలు నేర్పాలి కదా. గుడ్డ చూపించాను. బండి చూపించాను. చెయ్యి అడ్డంగా ఊపి ‘నో మూవ్’ అన్నాను. అతన్ని చూపించి ‘నో టచ్’ అన్నాను. నా గుండె మీద చెయ్యి వేసుకుని ‘ఓన్లీ మీ’ అన్నాను. కేతుత్ ఎంతో మర్యాదగా విని, తల వంచి, “ఓన్లీ యూ,” అన్నాడు. పరాయి దేశంలో రైల్వే సేఫ్టీ నేర్పిన మొదటి ఫిట్టర్ని నేనేనని మనసులో మురిసిపోయాను. అతను సీటు కింద నుంచి పానాల డబ్బా తీసిచ్చాడు. నేను దూరాను.

నట్టు తుప్పు పట్టి ఉంది. ఒక చుట్టు తిరిగితే రెండు నిమిషాలు మొరాయిస్తుంది. పైనుంచి సత్యవతి ఒకసారి పిలిచింది, ఆకాశం ఎర్రబడుతోందని. ఒక్క నిమిషం అన్నాను. ఇంకోసారి పిలిచింది, మబ్బుల అంచు కనిపిస్తోందని. మళ్ళీ ఒక్క నిమిషం అన్నాను.

మూడోసారి జీపు టాపు మీద దబదబా బాదింది. “ఏటండి, వస్తన్నారా లేదా? సూరీడు వచ్చేస్తన్నాడు.”

“ఒక్క సుట్టే ఉన్నాది, వచ్చేస్తన్నాను.”

చుట్టూ జనం ఒక్కసారిగా ‘ఓ...’ అన్నారు. ఏ దేశం వాళ్ళయినా అక్కడ ఒకే మాట అన్నారు. జీపు కింద అంతా బంగారు రంగు వెలుతురు పరుచుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటారా, నట్టు ఇప్పుడు బాగా కనిపిస్తోంది. హాయిగా ఆఖరి చుట్టు బిగించేశాను.

బయటికొచ్చి నడుం ఎత్తి చూసేసరికి సూర్యుడు కిందనున్న సరస్సుకి అవతలి కొండ మీద జానెడు పైకొచ్చేసి, ఇంట్లో రోజూ కనిపించే సూర్యుడిలాగే ఉన్నాడు. సత్యవతి ఫోన్‌తో కేతుత్ అప్పటికే ఫోటో తీసేశాడు. సత్యవతి టాపు మీంచి నా వైపు వంగింది.

“మీకు నాకన్నా నట్టే ఎక్కువా?” అంది.

“నీ కోసమే కదే బిగించినాను,” అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. ముందు గోరంత ఎర్రగా వచ్చాడని, తర్వాత నీళ్ళలో కూడా ఇంకొకడు వచ్చాడని, పొగ కక్కే కొండ గులాబీ రంగులోకి మారిందని చేతులు తిప్పుతూ చెప్పింది. వింటుంటే నాకు సిగ్గేసింది. పాతికేళ్ళకి ఒక్కసారి పక్కన చోటుంచి పిలిస్తే నేను వెళ్ళలేదు. అగ్నిపర్వతం ఆవిరి మీద ఉడికిన గుడ్డు ఒలిచి చేతిలో పెట్టింది. తిన్నాను. సరేలే, వేడినీళ్ళ దగ్గర ఆవిణ్ణి బాగా చూసుకుంటానని గట్టిగా అనుకున్నాను.

బయల్దేరే వేళకి రాళ్ళన్నీ నేనే తీసి పక్కన పెట్టాను. జెండా మర్చిపోయాను. కేతుత్ మాత్రం జీపెక్కకుండా బంపరు దగ్గర నిలబడి, నా వైపు చూస్తూ ముందుకి చెయ్యి చూపిస్తున్నాడు. అటు చూస్తే సరస్సు మెరుస్తోంది. ‘వెరీ నైస్’ అన్నాను. మళ్ళీ చూపించాడు. పాపం ఎంత ఓపికగా అన్నీ చూపిస్తున్నాడో అనుకుని ‘వెరీ వెరీ నైస్’ అన్నాను. మూడోసారి కొంచెం దిగులుగా చూపించాడు. ఇక టైమవుతోందని, ‘గో, గో’ అని నేనే తొందర పెట్టాను. అతను దొంగతనం చేస్తున్నవాడిలా అటూ ఇటూ చూసి బండి కదిపాడు.

దారి కిందికి దిగి నల్లటి లావా మైదానంలో పడింది. ఎప్పుడో పొంగి గడ్డకట్టిన రాళ్ళ మధ్య, బొగ్గుపొడి లాంటి ఇసుకలో, ముందు జీపు లేపిన దుమ్మంతా తింటూ వెళ్తున్నాం. వెనక సీట్లో కూర్చుంటే మాకు బానెట్ అవతల ఎర్రటి అంచొకటి రెపరెపలాడుతూ కనిపిస్తోంది. సత్యవతి నన్ను మోచేత్తో పొడిచింది.

“బండికి అమ్మోరి గుడ్డ కట్టుకున్నాడు, సూసినారా? దణ్ణమెట్టండి,” అంది.

నేను తువ్వాలు సంగతి చెప్పబోయాను. కానీ ఆవిడ అప్పటికే కళ్ళు మూసుకుని, తను కుట్టిన డ్రెస్సుకి తనే భక్తిగా చేతులు జోడించింది. ఎందుకులే అని నేనూ జోడించాను.

దిగి విప్పేస్తే సరిపోయేది. తువ్వాలే కదా, దుమ్మయితే అవుతుందని ఊరుకున్నాను. ముప్పై ఏళ్ళ సర్వీసులో నేను కట్టిన జెండా విప్పకుండా బండి కదలడం అదే మొదటిసారి. ఆ మాట ఇక్కడ మీ దగ్గర అంటున్నాను గానీ, షాపులో ఎవరికీ చెప్పకండి.

వేడినీళ్ళ చోటు సరస్సు ఒడ్డునే ఉంది. మెట్లు మెట్లుగా కొలనులు, ఒక్కోదాని మీంచి సన్నగా ఆవిరి. సత్యవతి జీపు దిగి అలా నిలబడిపోయింది. ఆ మొహం చూస్తే ఝాన్సీ పుట్టినప్పటి మొహం గుర్తొచ్చింది. సంచీ తీసుకుని ఆడవాళ్ళ గదిలోకి వెళ్ళింది. నేను నిక్కరు వేసుకుని కొలను గట్టు మీద కూర్చుని ఒక కాలు ముంచాను. అబ్బ, ఏం చెప్పమంటారు. చలిలో వణికిన కాలికి ఆ వేడి తగిలితే కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి.

పది నిమిషాలయింది. ఇరవై అయింది. సిగ్గుపడుతోంది కాబోలని ఊరుకున్నాను. అరగంటకి వచ్చింది. వేసుకొచ్చిన చుడీదారు వేసుకున్నట్టే ఉంది. ఒక చేతిలో తిరగేసిన ఖాళీ సంచీ.

“నా డ్రెస్సు అగుపడ్డం లేదండి. ఇంట్లోంచి తెచ్చినాను, పొద్దున్న నేనే ఎట్టినాను. ఏటయిపోనాదో.”

నేను ఆ మాట సరిగ్గా వినలేదు. ఆవిడ రెండో చేతి వైపే చూస్తున్నాను. ఆ చేతిలో ఎర్ర తువ్వాలుంది.

నీళ్ళలో ఉన్న కాలు కూడా చల్లబడిపోయింది. లేచి నిక్కరుతోనే జీపుల దగ్గరికి నడిచాను. వెనకాలే ఆవిడ. బంపరుకి నా రెండు ముళ్ళూ చెక్కు చెదరకుండా ఉన్నాయి. వాటి కింద ఒక నల్లటి పేలిక వేలాడుతోంది. ఒక చెయ్యి పూర్తిగా లేదు. ఫ్రిల్లు చక్రం నమిలేసింది. వీపు మధ్యలో రాళ్ళకి చీరుకుపోయి అందులోంచి బంపరు కనిపిస్తోంది. కేతుత్ చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు. నేను అతని వైపు చూస్తే చాలా వినయంగా తన గుండె మీద కాకుండా నా గుండె వైపు వేలు చూపించి, “యూ సే, ఓన్లీ యూ,” అన్నాడు.

ఆ రూలు నాదే. నేనే నేర్పాను.

సత్యవతి దగ్గరికెళ్ళి ఆ పేలికని చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పి, చంక దగ్గర వేలు పెట్టి లాగి చూసింది.

“కుట్టు ఊడలేదు సూడండి. గుడ్డే సిరిగిపోనాది,” అంది.

దుకాణంలో అడిగాం. అక్కడ అమ్మేవన్నీ చేతిరుమాలంత ఉన్నాయి. ఆవిడ ఒక్కసారి చూసి మొహం తిప్పేసుకుంది. చుడీదారుతో దిగొచ్చా అని గేటు దగ్గర మనిషిని బతిమాలాను, నా చొక్కా పైజమా వేసుకుంటే సరేనా అని కూడా అడిగాను. అతను నవ్వుతూనే కుదరదన్నాడు. మర్నాడు పొద్దున్నే విమానం. ఇక ఏ దారీ లేదు. సత్యవతి బెంచీ మీద కూర్చుని మోకాళ్ళ మీద రెండు చేతులూ పెట్టుకుంది.

“పర్లేదు. మీరు దిగండి,” అంది.

తిట్టినా బాగుండేది. ఆ ‘పర్లేదు’ నాకు పదేళ్ళుగా తెలుసు. మోటారు లేకపోయినా పర్లేదు, సెలవు దొరక్కపోయినా పర్లేదు. నేను దిగలేదు. నిక్కరుతో ఆవిడ పక్కనే చలికి వణుకుతూ కూర్చుని, తప్పు నాదేనని, చీకట్లో చూసుకోకుండా కట్టేశానని, కట్టినవాడు విప్పలేదని మొత్తం చెప్పాను. పాతికేళ్ళలో ఆవిడకి నేను అంత పొడుగున క్షమాపణ చెప్పడం అదే మొదలు. ఆవిడ వింటూ అలా నీళ్ళవైపే చూస్తోంది.

కేతుత్ మా బెంచీ దగ్గరికొచ్చాడు. సత్యవతి మోకాళ్ళు చూపించి ఏమైందన్నట్టు చెయ్యి తిప్పాడు. ఆవిడ మిషను తొక్కుతున్నట్టు కాలితో చేసి చూపించి, ‘అమ్మా’ అంది. ఆ ‘అమ్మా’ అతనికి చక్కగా అర్థమైంది. జీపెక్కమన్నాడు. ఈసారి ఎక్కే ముందు ఆ పేలిక నేనే విప్పాను.

సరస్సు ఒడ్డునే పది నిమిషాలు వెళ్తే వాళ్ళ ఊరు. అక్కడ ఊరివాళ్ళు స్నానం చేసే చోటొకటి ఉంది. అదే కొండ, అవే వేడినీళ్ళు, రాతి గొట్టాల్లోంచి ధారగా పడి తొట్టి నిండుతున్నాయి. చుట్టూ ఎత్తుగా గోడ. ఆడవాళ్ళకొక వైపు, మగవాళ్ళకొక వైపు. కేతుత్ కేకేస్తే లోపల్నుంచి వాళ్ళమ్మ వచ్చింది, ఇంచుమించు సత్యవతి వయసే. రంగుల బట్ట ఒకటి గుండెల మీదికి కట్టుకుని ఉంది, జుట్టు తడిగా ముడేసుకుంది. సత్యవతి ఆ కట్టు చూసి నోరు తెరిచింది.

“మా అమ్మ నాగావళి ఏట్లో తానానికి ఇలాగే కట్టుకునీది,” అంది.

ఆ తల్లి ఇంకో బట్ట తెచ్చి భుజం మీద వేసి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. సత్యవతి వెనక్కి తిరిగి చూడలేదు కూడా.

రెండు గంటలు రాలేదు. గోడ అవతల నుంచి నీళ్ళ చప్పుడు, మధ్యమధ్యలో ఆడవాళ్ళ నవ్వులు. అందులో మా ఆవిడ నవ్వు కూడా ఉంది, నాకు తెలుసు. ఏ భాషలో మాట్లాడుకున్నారో మాత్రం ఈ రోజుకీ తెలీదు. మగవాళ్ళ వైపు వెళ్ళి స్నానం చెయ్యమని కేతుత్ అన్నాడు. నేను బయట అరుగు మీదే కూర్చున్నాను. ఆవిడ మునగాల్సిన చోట ఆవిడ మునిగింది, నాకది చాలనిపించింది. అయినా బుద్ధిగా ఎంతసేపు కూర్చోగలను. కేతుత్ నా నట్టు కథ చుట్టుపక్కల డ్రైవర్లకి చెప్పేసినట్టున్నాడు. ఒకడు తన జీపు తెచ్చి, కింద ఏదో చప్పుడొస్తోందని చెవి చూపించాడు. ఆ వెనక ఇంకొకడు. సత్యవతి బయటికొచ్చేసరికి మళ్ళీ నా కాళ్ళే కనిపించాయట.

జీపు కింద నుంచి బయటికొచ్చి చూశాను. తడి జుట్టు, ఎర్రబడ్డ బుగ్గలు. ఆ గుమ్మానికి మూడు మెట్లున్నాయి. గోడ పట్టుకోకుండా దిగింది. ఒక్క ‘అమ్మా’ కూడా అనలేదు. నేను ఆ మూడు మెట్లనే చూస్తూ నిలబడ్డాను.

జీపులో కూర్చున్నాక మెల్లగా చెప్పింది.

“ఆ ఎర్ర డ్రెస్సు ఏసుకుని అందరి ముందర ఎలాగ దిగడమా అని నాలుగు రోజుల్నుంచి నాకు తిండి సయించలేదండి. గదిలో అరగంట ఎతికినాను గానీ, లేదని తెలిస్తే ముందర నాకు ప్రాణం తేలికైపోనాది. ఆ తర్వాతే ఏడుపొచ్చినాది. దేవుడే సింపేసినాడు.”

దేవుడు కాదు, చింపింది నేనని అన్నాను. ఆ పేరు మాత్రం నాకివ్వలేదు.

ఇంటికొచ్చాక మొదటి ఆదివారమే మిషనుకి మోటారు బిగించాను. నలభై నిమిషాల పని. పదేళ్ళు వాయిదా వేసింది నలభై నిమిషాల పనిని. నాకు నేనే మొట్టికాయ వేసుకున్నాను.

మొన్న పక్కింటి బౌదీ జాకెట్టు కోసం వచ్చింది. సత్యవతి తెలుగూ బెంగాలీ కలిపి కథంతా చెప్పింది. బౌదీ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, అంత దూరమెందుకు పోయారు దాదా, మన బీర్భూమ్ జిల్లాలో బక్రేశ్వర్ ఉంది కదా, అక్కడా భూమిలోంచి వేడినీళ్ళే కదా, ఆడవాళ్ళకి వేరే తొట్టి కూడా ఉంది అంది. పొద్దున్న రైలెక్కితే సాయంత్రానికి మునగొచ్చట. ముప్పై ఏళ్ళుగా ఏటా ఫ్రీ పాసులు చేతిలో పెట్టుకుని, వాడకుండా మురగబెట్టుకుంటున్న రైల్వే మనిషిని నేను. సత్యవతి మెల్లగా నా వైపు తిరిగింది.  నేనే ఫోన్ తీసి అక్కడికక్కడే పాసుకి దరఖాస్తు తెరిచాను.

ప్రయాణం చేసేవాళ్ళ పేర్ల దగ్గర ఆవిడ పేరు మీద టిక్కు పెట్టాను. నా పేరు మీద కూడా పెట్టాను. ఆవిడ అద్దాలు సవరించుకుని, వంగి, వేలితో నా టిక్కు తీసేసింది. బౌదీ టిక్కెట్టు కొనుక్కుని తోడొస్తుందట. నేనేం పాపం చేశానని అడిగాను.

“మీరొద్దండి,” అంది. “భూమిలోంచి నీళ్ళు అలాగ ఊరికే వచ్చేస్తంటే మీరు సూస్తూ ఊరుకుంటారా? లీకనుకుని కట్టేస్తారు.”